పొలిమేర దాటించిన బండి

మా వృత్తిలోకి వచ్చేవాళ్ళకి మొదటిరోజే ఒక తప్పు నేర్పుతారు. వంశవృక్షాల క్లబ్బుల్లో, లైబ్రరీ ఉపన్యాసాల్లో, టీకీ, స్కోన్లనే చిన్న రొట్టెలకీ మధ్య ఎవరో ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని చాలా నమ్మకంగా చెబుతాడు: "పాతకాలం ఇంగ్లండులో పేదవాళ్ళు పరాయి ఊళ్ళో చెయ్యి చాపితే వాళ్ళని సొంత ఊరికి పంపించేసేవారు. ఆ పంపివేత ఉత్తర్వు మీ చేతికి దొరికిందంటే మీ పూర్వీకుల సొంత ఊరు దొరికినట్టే." అందరూ బుద్ధిగా రాసుకుంటారు. మొదట్లో నేనూ రాసుకున్నాను. తర్వాత ఆ మాట ఎక్కడ వినబడినా లేచి కాదన్నాను. కొన్ని క్లబ్బులు నన్ను పిలవడం మానేశాయి. స్కోన్లు పోయాయి గానీ నా మాట నాకు మిగిలింది.

సొంత ఊరేమిటి, నా మొహం! ఆ రోజుల్లో ప్రతి చర్చి చుట్టూ ఉన్న ఊరు, దాన్ని పారిష్ అంటారు, తన పేదవాళ్ళని తానే పోషించాలి. అందుకని ప్రతి ఊరికీ ఒకటే ధ్యాస: వీడు మావాడు కాదని ఎలా రుజువు చెయ్యాలా అని. ఎవడు ఏ ఊరివాడో తేల్చడానికి చట్టంలో కొన్ని దారులున్నాయి. తండ్రికి హక్కున్న ఊరు పిల్లలకి వస్తుంది. ఒక ఊళ్ళో పని నేర్చుకుంటే వస్తుంది. ఒకే యజమాని దగ్గర పూర్తిగా ఏడాది కుదురుకుంటే వస్తుంది. పెళ్ళయిన ఆడదానికి మొగుడి ఊరే ఊరు, ఆవిడ ఆ ఊరి మొహం చూసినా చూడకపోయినా. పట్నంలో పుట్టి పట్నంలో పెరిగినదాన్ని, మొగుడు పోయిన వారానికి పిల్లలతో సహా బండెక్కించి, ఆవిడ పేరు కూడా వినని పల్లెలో దింపి వచ్చిన కాగితాలు నేను ఎన్ని చదివానో చెప్పలేను. క్లబ్బులో పెద్దమనిషి దీన్నే "సొంత ఊరికి పంపడం" అంటాడు.

ఇది నాకు అంత తొందరగా ఎలా తలకెక్కిందో చెప్పనా? న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో మేముండే జాన్సన్‌విల్‌లో మన తెలుగువాళ్ళు ఏ ఇంట్లో కలిసినా ముందడిగేది "మీదే ఊరండీ?" అనే కదా. మా పక్కింటాయన "మాది తెనాలి దగ్గర" అంటాడు. ఆయన పుట్టింది భిలాయిలో, చదివింది హైదరాబాదులో, ఇల్లు కొన్నది జాన్సన్‌విల్‌లో. తెనాలి దగ్గర ఆ ఊళ్ళో ఆయన పడుకున్న రాత్రులు ఏవో పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పటివే. అయినా అడిగినవాళ్ళెవరూ ఆశ్చర్యపోరు. వాళ్ళావిడది అనంతపురం జిల్లా. ఆవిడా "మాది తెనాలి" అనే అంటుంది. పుట్టిన ఊరూ, బతికే ఊరూ, "మా ఊరూ" మూడూ వేరువేరని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంగ్లిషువాళ్ళు తమ చట్టాన్నే మర్చిపోయారు, నేనేం చెయ్యను!

గ్రేమ్

నేను ఈ పనిలోకి వయసు వచ్చాకే వచ్చాను. విశాఖలో చరిత్ర ఎం.ఏ. చేసి, పెళ్ళి చేసుకుని, మా ఆయన ఐటీ ఉద్యోగం వెనకాల ఊళ్ళన్నీ తిరిగి, పిల్లలు పెద్దయ్యాక "నాకూ ఒక ఉద్యోగం కావాలి" అని బయల్దేరాను. జాన్సన్‌విల్‌లోనే, చేపలు వేయించి అమ్మే కొట్టు మీద అంతస్తులో, గ్రేమ్ అని ఒకాయన వంశ పరిశోధన ఆఫీసు నడిపేవాడు. ఒకప్పుడు హైస్కూల్లో లెక్కల మాస్టారు. మా పూర్వీకులెవరో చెప్పండి అని న్యూజిలాండ్ నలుమూలల నుంచీ జనం ఆయనకి రాసేవారు. మేము ఇంగ్లండు నుంచి పాత కాగితాల ఫొటోలు తెప్పించి, చదివి, రిపోర్టు రాసి పంపేవాళ్ళం. మా రిపోర్టులన్నింటికీ చేపల వేపుడు వాసన. కస్టమర్లు ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు, చదువుతుంటే ఆకలేస్తుందని మాత్రం ఒకాయన రాశాడు.

మొదటి ఏడాది నేను గ్రేమ్‌ని "సర్" అనేదాన్ని. ఆయన చుట్టూ చూసేవాడు, ఎవరొచ్చారా అని. తర్వాత పేరు పెట్టి పిలవడం అలవాటయింది. ఆ తర్వాత పేరు పెట్టి తిట్టడం కూడా. మనిషి నిజాయితీపరుడు, గీసిన గీత దాటడు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే: "కాగితంలో లేనిది లేనట్టే" అనేవాడు. లెక్కల మాస్టారు కదా. ఇది సగం మంచి సూత్రం. రెండో సగం నేను చేర్చాను: ఆ కాగితం ఎవరు రాశారు, ఎవరి మీద కోపంతో రాశారు అని అడక్కుండా చదివితే, చదవకపోవడమే నయం.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, లావణ్య అడిగింది. ఈ దేశం దక్షిణపు కొసన ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకోడానికి వచ్చి, ఉద్యోగం దొరికి, ఇప్పుడు హామిల్టన్ పక్కన రోటోటూనాలో ఉంటోంది. ఈ పనిలోకి రావాలని ఉందట. "ఏం చదవాలి ఆంటీ?" అంది. పుస్తకాలు చెప్పకుండా చట్టం గురించి చెప్పాను. ఏడాది నిండితే పనివాడికి ఊరి హక్కు వస్తుంది కాబట్టి, యజమానులు ఏడాదికి కొన్నాళ్ళ ముందే తీసేసి మళ్ళీ పెట్టుకునేవారు అని చెప్పగానే ఫోనులో పగలబడి నవ్వింది.

"ఆంటీ, ఈ కథ మా పాత ఫ్లాట్‌లో వాళ్ళకి చెబితే ఏడుస్తారు."

"అర్థం కాకనా?"

"బాగా అర్థమయ్యి!"

వీసాల మీద బతికినవాళ్ళకి ఈ కాగితాలు విప్పి చెప్పక్కర్లేదు. అందుకే మన పిల్లలు ఈ పనిలోకి రావాలంటాను. మన తెలుగువాళ్ళు మాత్రం ఇన్నేళ్ళూ నన్ను "మా గోత్రం కరెక్టో కాదో చూసిపెడతారా?" అనే అడిగారు. దానికి నా దగ్గర సమాధానం ఉంది గానీ రాయడం బావుండదు.

జాయిస్

నేను చెప్పదలుచుకున్న కేసు జాయిస్‌ది. మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోను.

ఒక చలికాలం ఇన్వర్‌కార్గిల్ నుంచి ఫోను. "నా పేరు జాయిస్. ఎనభై దాటాను. మీ ఆఫీసువాళ్ళు నన్ను ఓడలో దొరికినదాన్ని చేశారు. ఎవరితో మాట్లాడాలి?"

సంగతేమిటంటే, వాళ్ళ కుటుంబానికి మూలం విలియం, హానా అని ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన జంట. వాళ్ళ వారసులు ఇన్వర్‌కార్గిల్ చుట్టూ ఉన్న సౌత్‌ల్యాండ్ నిండా ఉన్నారు. జాయిస్ ముత్తాత పేరు థామస్. అతనూ ఆ ఓడలోనే వచ్చాడు. కానీ కుటుంబంలో చెప్పుకునే కథ ప్రకారం థామస్ వాళ్ళ కొడుకు కాదు, ఓడలో కలిసిన అనాథ కుర్రాడు, జాలిపడి వెంట తెచ్చుకున్నారు. అందుకని థామస్ తాలూకు వాళ్ళు పెళ్ళిళ్ళలో, చావుల్లో, చివరి బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు. చిన్నప్పుడు ఎవరో పిల్ల జాయిస్‌తో "నువ్వు మా చుట్టానివి కాదుగా, ఊరికే వచ్చావు" అందట. ఎనభై ఏళ్ళు దాటినా ఆ పిల్ల గౌను రంగు ఆవిడకి గుర్తుంది.

ఇప్పుడు రాబోయే వేసవికి పెద్ద కుటుంబ సమ్మేళనం పెట్టుకున్నారు. దానికి కమిటీ, కమిటీకి కాలిన్ అని ఒక చైర్మన్. విలియం, హానా సమాధుల దగ్గర ఒక రాయి నిలబెట్టి, దాని మీద వాళ్ళ పేర్లూ, వాళ్ళ పిల్లల పేర్లూ చెక్కిస్తారు. థామస్ పేరు అందులో లేదు. ఎందుకంటే, ఎప్పుడో గ్రేమ్ కాలిన్‌కి రాసిచ్చిన రిపోర్టులో ఒక వాక్యం ఉంది. విలియం ఒక మిల్లు ఊళ్ళో కూలి చేసుకుంటూ జబ్బుపడి సాయం అడిగితే, అతన్నీ హానానీ వాళ్ళ పిల్లల్నీ చట్టప్రకారం అతని ఊరైన పల్లెకి పంపించేశారు. ఆ ఉత్తర్వులో పిల్లలందరి పేర్లూ వయసులూ ఉన్నాయి. థామస్ పేరు లేదు. "కనుక థామస్ వీరి సంతానం కాడు" అని గ్రేమ్ రాసేశాడు. కాగితంలో లేనిది లేనట్టే కదా.

ఇన్వర్‌కార్గిల్ వెళ్ళాను. విమానం దిగగానే చెవులు ఉన్నాయో లేవో తడిమి చూసుకునేంత చలి. జాయిస్ పాత కారేసుకుని వచ్చింది, అద్దం మీద మంచు గీకుతూనే మాట్లాడింది. ఆవిడ చాలా ఏళ్ళు డెయిరీ నడిపింది. డెయిరీ అంటే పాల కేంద్రం అనుకునేరు, ఇక్కడ వీధి చివరి చిల్లర కొట్టుని అలా అంటారు. ఆ ప్రాంతంవాళ్ళు "ర"ని మనలాగే నాలుక తిప్పి గట్టిగా పలుకుతారు. న్యూజిలాండ్‌లో నా ఇంగ్లిషు రెండోసారి చెప్పమని అడగని ఊరు నాకు తెలిసి అదొక్కటే.

"డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే తేలిపోతుంది కదండీ" అన్నాను, అందరూ అనేదే.

జాయిస్ నన్ను ఎగాదిగా చూసింది. "అమ్మాయ్, ఉమ్మి సీసాలో పట్టి కొరియర్ చేస్తే గానీ నన్ను చుట్టం అనని వాళ్ళతో నాకు చుట్టరికం ఎందుకు?"

ఆ క్షణం నుంచి నేను ఆవిడ మనిషిని.

ఆవిడ దగ్గర రుజువు అనేది ఏమీ లేదు. ఒక్క సంగతి చెప్పింది. హానా ముసలితనం గడిపింది థామస్ ఇంట్లో, పోయిందీ అక్కడే. "కన్న పిల్లలు అంతమంది చుట్టుపక్కలే ఉండగా, ఓడలో దొరికినవాడి ఇంట్లో ఎందుకుంది?" అంది. దీనికి కాలిన్ జవాబు, థామస్ మంచివాడు కాబట్టి అని. థామస్ మంచితనం ఒప్పుకుంటాడు, చుట్టరికం మాత్రం ఒప్పుకోడు!

తొలి కాన్పు

ఉత్తర్వు ఎన్నిసార్లు చదివినా నాకు ఒకటే అనిపించింది. అది హానా కన్న పిల్లల జాబితా కాదు. విలియం పల్లె మీద ఖర్చు పడాల్సిన పిల్లల జాబితా. హానా పెళ్ళికి ముందే థామస్‌ని కని ఉంటే? అప్పటి చట్టం ప్రకారం పెళ్ళికాని తల్లికి పుట్టిన బిడ్డకి తల్లి ఊరు రాదు, తండ్రి ఊరు రాదు. ఏ నేల మీద పుడితే అదే వాడి ఊరు. పసివాడైతే కొన్నాళ్ళు తల్లి దగ్గర ఉండనిస్తారు. ఏడేళ్ళు దాటాడా, వాడి దారి వాడిదే. అమ్మ ఒక వైపు, పిల్లాడు ఇంకో వైపు, వేరే కాగితం మీద. ఓడ జాబితాలో విడిగా ఉన్నాడంటారా, అప్పటికి ఎదిగాడు, పెళ్ళికాని మగవాళ్ళందరినీ విడిగానే రాసేవారు.

గ్రేమ్‌కి చెప్పాను. "ఉంటే, ఉంటే, ఉంటే" అన్నాడు. "ఎక్కడ పుట్టాడో చూపించు, అప్పుడు వింటాను."

ఇక్కడే నేను పప్పులో కాలేశాను. తొలి కాన్పు కదా, అనుకున్నాను. హానా పుట్టింటి ఊరి రికార్డులన్నీ తెప్పించాను. జ్ఞానస్నానాలు, పాతిపెట్టినవి, పేదలకి ఇచ్చిన సాయం, అన్నీ. చలికాలమంతా కళ్ళు పోయేలా చదివాను. కింద కొట్టువాడు "ఇంకా దొరకలేదా?" అని రోజూ అడిగేవాడు, ఏం వెతుకుతున్నానో తెలియకుండానే. చివరికి గ్రేమ్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"వసూ, ఆ ఊళ్ళోనే ఎందుకు వెతుకుతున్నావ్?"

"వాళ్ళమ్మ ఉన్నది అక్కడే కాబట్టి. తొలి కాన్పుకి ఆడపిల్ల ఎక్కడికి వెళ్తుంది?"

"ఎక్కడికి వెళ్తుంది?"

"అదేంటి, అమ్మ దగ్గరికి!"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇంగ్లండులో నేను చదివిన వందలాది కేసుల్లో అలా ఒక్కర్ని చూడలేదు. అలా అని ఎక్కడ రాసుంది?"

ఎక్కడ రాసుంది? నా కడుపులో రాసుంది. మా పెద్దాడు పుట్టినప్పుడు మా ఆయన పుణేలో ఉద్యోగం, మేముండేదీ అక్కడే. ఏడో నెలలో మా అమ్మ వచ్చి, గాజులు తొడిగి, పళ్ళూ పసుపూ ఇచ్చి నన్ను కాకినాడ తీసుకెళ్ళింది. మా అక్కా అంతే, మా వదినా అంతే. మన ఇళ్ళల్లో పెద్దపిల్లాడు పుట్టిన ఊరు అడిగితే అమ్మమ్మగారి ఊరు తెలిసిపోతుంది. అదే లెక్క తీసుకెళ్ళి ఇంగ్లండు మీద పెట్టాను. పెళ్ళికాని పనిపిల్ల, తల్లి కూడా ఊరి ధర్మం మీద బతికే మనిషి. అక్కడికి వెళ్తానంటే ఆ ఊరివాళ్ళు గుమ్మం తొక్కనిస్తారా? ఇంకో నోరు పుట్టుకొస్తుందని పొలిమేరలోనే ఆపెయ్యరూ? మా ఆయన రెండు వారాలు నన్ను ఆట పట్టించాడు. "హానాకి సీమంతం చేశారా లేదా, చూశావా రికార్డుల్లో?"

కొత్తగా వచ్చేవాళ్ళకి చెబుతున్నాను. చుట్టరికాలు చదివే పనిలో అందరం మన అమ్మనీ అమ్మమ్మనీ వెంటేసుకునే వస్తాం. ఇక్కడి కివీలూ అంతే. సెంటిమెంటు గొప్పదే. కానీ అది ఎప్పుడు మాట్లాడుతోందో, కాగితం ఎప్పుడు మాట్లాడుతోందో తెలియాలి.

గొడవ ఉన్న చోట

ఆ రోజు ఇంటికి నడుస్తూ హానా ఎక్కడికి వెళ్ళాలనుకుందో ఆలోచించడం మానేశాను. ఆవిడ ఎక్కడ ఉండకూడదని ఎవరనుకున్నారో ఆలోచించాను. పెళ్ళికి ముందు ఆవిడ పనిచేసింది అదే మిల్లు ఊళ్ళో. నేను ఆ ఊళ్ళో పేదల ఖర్చు చూసే అధికారినైతే ఏం చేస్తాను? బిడ్డ నా నేల మీద పుట్టకుండా చూస్తాను. నెప్పులు రాకముందే పొలిమేర దాటించేస్తాను. మరి పక్క ఊరి అధికారినైతే? ఇంతెత్తున లేస్తాను. కోర్టుకెళ్తాను!

పోట్లాటలు ఎక్కడుంటాయో నాకు తెలిసినట్టు గ్రేమ్‌కి తెలియదు. ఆయన జీవితంలో ఎవరితోనూ పోట్లాడలేదు, నాతో తప్ప. జిల్లా కోర్టుల్లో ఊరి మీద ఊరు వేసుకున్న అప్పీళ్ళు ఉంటాయి. వాటిలో మనుషుల పేర్లతో వెతికితే ఏమీ దొరకదు. ఊళ్ళ పేర్లతో పెట్టి ఉంటాయి. అందుకే వంశాలు వెతికేవాళ్ళు వాటి జోలికి పోరు. మిల్లు ఊరి పేరూ, దాని చుట్టూ ఉన్న పారిష్‌ల పేర్లూ ఇచ్చి, ఆ ఏళ్ళలో వాళ్ళు ఒకరి మీద ఒకరు వేసుకున్నవన్నీ పంపమని అక్కడి వాళ్ళకి రాశాను.

వచ్చాయి. మిల్లు ఊరు థామస్ అనే ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి పక్క పారిష్‌కి పంపించింది. పక్క పారిష్ అప్పీలు వేసింది. వాడు మా నేల మీద పుట్టాడన్నది నిజమే గానీ, పుట్టేలా చేసింది మీరేనని. నెప్పులు పడుతున్న పిల్లని మీ కానిస్టేబులే టర్నిప్పు దుంపల బండెక్కించి, సరిహద్దు రాయి దాటేదాకా తోలమన్నాడని. మిల్లు ఊరివాళ్ళు అదేం లేదన్నారు. ఆ అమ్మాయి పిన్నిని చూడ్డానికి తనే వెళ్ళిందట. బండివాణ్ణి పిలిచి అడిగారు. నన్ను టర్నిప్పులు తెమ్మని పంపారు, కానీ పంపిన వైపు టర్నిప్పుల చేలే లేవు, అన్నాడు. కోర్టులో నవ్వులు అని గుమాస్తా రాయలేదు గానీ నేను మా ఆఫీసులో నవ్వాను.

హానానీ పిలిచారు. ఆవిడ చెప్పినది రెండు ముక్కలు. "నన్ను ఎక్కించారు. నేను ఎక్కలేదు." ఆ పక్కనే గుమాస్తా రాసుకున్నాడు, ఈమె విలియం భార్య, సదరు థామస్‌కి తల్లి అని.

కోర్టు బండివాడి మాట నమ్మలేదు. పక్క పారిష్ ఓడిపోయింది. థామస్ అక్కడి పేదల ఇంటికి, అంటే దిక్కులేనివాళ్ళని ఊరి ఖర్చు మీద ఉంచే చోటికి, వెళ్ళాడు. తల్లి విలియం పల్లెలో, పిల్లాడు ఇక్కడ. రెండు ఊళ్ళూ వీడు మావాడు కాదంటే మావాడు కాదని కొట్టుకున్నాయి కాబట్టి వాడు ఎవరి బిడ్డో ఇన్నేళ్ళకి నాకు తెలిసింది.

జాయిస్‌కి ఫోను చేసి చదివి వినిపించాను.

"టర్నిప్పులా?" అంది.

"టర్నిప్పులేనండీ."

"నేను టర్నిప్పులు ముట్టను, చిన్నప్పట్నుంచీ. ఎందుకో ఇప్పుడు తెలిసింది." అని నవ్వింది. నవ్వుతూనే ఫోను పెట్టేసింది. ఆ తర్వాత ఏడ్చిందని ఆవిడ ఎప్పుడూ ఒప్పుకోలేదు, నేనూ అడగలేదు.

గ్రేమ్ మూడు సార్లు చదివాడు. "కొత్త రిపోర్టు పంపితే పాతది తప్పని ఒప్పుకున్నట్టు" అన్నాడు.

"అవును. అందుకే పంపుతున్నాం."

"ఆఫీసు పరువు..."

"చేపల వాసన కొడుతున్న పరువు గ్రేమ్, పోతే పోనీ!"

మూతి ముడుచుకుని ఇంటికెళ్ళాడు. సోమవారం పొద్దున్న నేను వచ్చేసరికి కాలిన్‌కి ఉత్తరం ఆయనే రాసి పెట్టాడు. "నా ఊహని నేను రుజువు అనుకున్నాను" అని మొదటి వాక్యం. గ్రేమ్‌తో నాకున్న పేచీలు రాస్తే ఇంకో పుస్తకం అవుతుంది. కానీ అలాంటి వాక్యం రాసిన బాసు నాకు ఇంకొకడు తగల్లేదు.

సగం కొడుకు

సమ్మేళనానికి ముందు కమిటీ సమావేశం. సౌత్‌ల్యాండ్‌లో ఒక చిన్న హాలు. ఎవరికి వాళ్ళు ఏదో ఒకటి వండి తేవడం అక్కడి ఆచారం, అందుకని నేను వెల్లింగ్టన్ నుంచి గారెలు మోసుకెళ్ళాను. వాళ్ళు చీజ్ రోల్స్ తెచ్చారు, రొట్టెలో చీజు చుట్టి కాల్చినవి. గారెలు ముందు అయిపోయాయని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

కాలిన్ నేననుకున్నంత దుర్మార్గుడేమీ కాదు. గొర్రెలు పెంచి రిటైరైన రైతు, పద్ధతిగల మనిషి. కాగితాలు అన్నీ చదువుకుని వచ్చాడు. "థామస్ హానా కొడుకని ఒప్పుకుంటున్నాను" అన్నాడు. "కానీ రాయి మీద 'విలియం, హానాల పిల్లలు' అని ఉంటుంది. థామస్ విలియం కొడుకు కాదు కదా. ఎంత చూసినా సగమే."

నేను నోరు తెరిచేలోపు జాయిస్ లేచింది, బల్ల పట్టుకుని.

"సరే కాలిన్. సగానికి రాయి మీద ఎంత చోటు పడుతుందో చెప్పు. 'థామ' అని చెక్కించి, మిగతాది ఖాళీగా వదిలేద్దాం."

ముందు వెనక వరసలో ఎవరో నవ్వారు, తర్వాత అందరూ. కాలిన్ చెవులు ఎర్రబడ్డాయి. పాపం అతను కాగితాల వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను ఊరుకోలేదు, ఊరుకోవడం నాకు చేతకాదు కూడా. "కాలిన్, పిల్లాడు ఒక ఊళ్ళో పేదల ఇంట్లో ఉన్నాడు. విలియం, హానా ఇంకో ఊళ్ళో. ఇది మీ చేతిలో ఉన్న చివరి కాగితం. తర్వాత కాగితం ఓడ జాబితా. అందులో ముగ్గురూ ఉన్నారు" అన్నాను.

"ఉంటే?"

"మధ్యలో ఏం జరిగినట్టు?"

కాలిన్ వేలితో ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి మెల్లగా గీత గీశాడు. గొర్రె తప్పిపోతే కొండ మీద వెతికే మనిషి అతను. "ఎవరో వెళ్ళి తెచ్చుకుని ఉండాలి" అన్నాడు.

"ఉండాలి."

"ఎవరు?"

"నాకు తెలిస్తే రిపోర్టులో రాయనా?"

కాలిన్ జేబులోంచి పెన్సిలు తీసి, రాయి మీద చెక్కాల్సిన పేర్ల కాగితంలో, పిల్లల పేర్లకి అన్నింటికీ పైన థామస్ అని రాశాడు. "పెద్దవాడు కదా, ముందుండాలి" అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. సమ్మేళనం రోజు జాయిస్ మొదటి బల్ల దగ్గర కూర్చుంది. కూర్చుని, చీజ్ రోల్స్‌లో ఉల్లిపాయ తక్కువైందని అందరికీ వినబడేలా చెప్పింది. చుట్టాలంటే అంతే మరి.

ఇప్పటికీ

నేను రిటైరయ్యాను. గ్రేమ్ ఆఫీసు మూసేశాడు. ఆ పైగది ఇప్పుడు కొట్టువాడి బంగాళాదుంపల గోదాము. లావణ్యా, నీకు చెప్పగలిగింది ఇదే. పేదవాళ్ళ గురించి ఎవరూ ముచ్చటపడి రాయలేదు. పేచీ వచ్చినప్పుడే రాశారు. అందుకని పేచీల దగ్గర వెతుకు. ఉత్తర్వులో ఉన్నవాళ్ళని లెక్కపెట్టాక, లేనివాళ్ళు ఎందుకు లేరో అడుగు. సొంత ఊరు దొరికిందని చెప్పేవాళ్ళని నమ్మకు. బాసుతో వాదించు, కానీ ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాకే వాదించు. క్లబ్బులు పిలవడం మానేస్తే స్కోన్లు ఇంట్లో చేసుకోవచ్చు, పెద్ద విద్యేం కాదు.

అయినా నాకు ఒకటి మిగిలిపోయింది. పక్క పారిష్ పేదల ఇంటి కాగితాలు ఉన్నంతవరకూ చదివాను. విలియం పల్లె కాగితాలు చదివాను. థామస్‌ని తీసుకెళ్ళినట్టు ఎక్కడా ఒక ముక్క లేదు. ఉండదు కూడా, ఎందుకంటే ఆ పిల్లాణ్ణి ఎవరైనా తీసుకుపోతామంటే ఆ ఊరికి సంతోషమే, ఎవరూ కాదనలేదు, ఎవరూ కోర్టుకెక్కలేదు. జాయిస్ ఇప్పటికీ ఆదివారాలు ఫోను చేసి "దొరికిందా?" అంటుంది. ఆవిడ పందెం విలియం మీద. కాలిన్‌ది హానా మీద. నేను ఎటూ చెప్పలేకపోతున్నాను, నా జీవితంలో అలా జరగడం ఇదే మొదటిసారి. విలియం జబ్బుమనిషి, ఆ బిడ్డ తనకి పుట్టినవాడు కాదు, తీసుకొస్తే తినే నోరు ఇంకొకటి. హానా చంకలో పసిపిల్ల. రెండు ఊళ్ళ మధ్యా బండికి పెట్టే స్తోమత ఇద్దరికీ లేదు, నడిచే వెళ్ళి ఉండాలి.

పేదల ఇంటి తలుపు తట్టి "మా పిల్లాడు లోపలున్నాడు, పంపించండి" అని అడిగింది ఎవరు, హానాయా, విలియమా?